మందు పెట్టని పెట్టె

కంపెనీ ప్రయోగాల పొలంలో పదేళ్లుగా పురుగుమందు కొడుతున్న తమ్ముడు ఒక్కనాడు తలనొప్పి అని కూర్చున్నవాడు కాదు. అలాంటివాడు నిన్న పట్టపగలు వీపున ట్యాంకుతోనే గట్టు మీద చతికిలబడి, అక్కకు ఫోన్ చేసి, "నిద్రొస్తోందే అక్కా" అని ఒక్క మాట అని మళ్లీ లేవలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ టార్చి వేసి చూస్తే కంటిపాపలు ఆవగింజలంత. నాడి చూస్తే, ఒక అదురుకీ ఇంకో అదురుకీ మధ్య మనిషి భయపడేంత ఖాళీ. మందు కొట్టే మనిషి, పక్కన మందు ట్యాంకు, దాని మీద చీటీ. ఒంట్లోకి ఆ మందే పోయిందనుకుని ఆవిడ విరుగుడు సూదులు మొదలుపెట్టింది. తెల్లారినా మనిషి తేరుకోలేదు. "పన్నెండింటికి మళ్లీ చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే సూదిమందు రెట్టింపు చేసి గొంతులో గొట్టం వేస్తాం. ఈలోగా ఇది వేరే మందని తేలితే ఎవరైనా కాగితం మీద రాసి తీసుకురండి" అంది. ఆ మాట పట్టుకుని అక్క, తమ్ముడు వాంతి చేసుకున్న తువ్వాలును సంచిలో చుట్టుకుని, తాను పనిచేసే చోటికి వచ్చింది.

ఆ చోటు పురుగుల గది.

* * *

పురుగుల గదికి కిటికీలు లేవు. బయట ఎండ కాసినా వాన పడినా లోపల ఏడాది పొడుగునా ఒకటే వేడి, ఒకటే తేమ. తవుడు, పులిసిన పిండి, ఈగల రెట్ట, అన్నీ కలిసిన వాసనొకటి గోడల్లోకి ఇంకిపోయి ఉంది. కొత్తవాళ్లు గుమ్మంలోనే ముక్కు మూసుకుంటారు. పురుగులక్కకు అది ఇంటి వాసన. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోని బొద్దింకలకు, ఈగలకు, గొంగళిపురుగులకు ఆవిడే మంత్రసాని, ఆవిడే కాటికాపరి. గుడ్డు నుంచి సాకి, ఒళ్లు చేశాక లెక్కపెట్టి మందులవాళ్లకు అప్పగిస్తుంది. చచ్చాక మళ్లీ లెక్కపెట్టి చీటీ రాస్తుంది. ఆవిడను సొంత పేరుతో పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు.

గదికి ఒక నియమం ఉంది. ఆ గదిని కట్టించి, ఆవిడకు పని నేర్పి, అయిదేళ్ల కిందట కాలం చేసిన పాత పెద్దాయన పెట్టిన నియమం. మందు తాకిన పురుగును సన్న కుంచెతో తట్టాలి. కదిలితే బతికినట్టు. కదలకపోతే చచ్చినట్టు. వెల్లకిలా పడి, కాళ్లు ఆడిస్తూ, ఎంత తట్టినా బోర్లా తిరగలేకపోతే, ఊపిరున్నా సరే, చచ్చినట్టే రాయాలి.

అది అన్యాయమని ఆవిడకు ఏనాడూ తోచలేదు. రాత్రి మంచం మీద తమ్ముడు పక్కకు తిరగబోయి, తిరగలేక, చేతులు గాల్లో ఊరికే ఆడించాడు. అప్పుడు తన వేళ్లు తనకు తెలియకుండానే కొంగు కొసను కుంచెలా మెలిపెట్టి పట్టుకోవడం చూసుకుని, ఆవిడ చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది.

డాక్టరమ్మ మనుషుల జబ్బులు చదువుకుంది. పురుగులక్క చావుల తీరు చూసింది. ఏ మందుకు ఏ చావో ఆవిడ చీటీ చూడకుండా చెప్పగలదు.

నరానికీ నరానికీ మధ్య కంటికి ఆనని గండి ఒకటుంటుందని పాత పెద్దాయన చెప్పేవాడు. ఇవతలి నరం ఆ గండిలోకి చిటికెడు రసం వదిలితే, అవతలి ఒడ్డున ఉన్న తూములు దాన్ని పట్టుకుని తెరుచుకుంటాయి. పని కాగానే కాపలావాడు వచ్చి ఆ రసాన్ని తుడిచేస్తాడు, తూములు మూసుకుంటాయి. "మనం చేసే మందులన్నీ ఆ తూముల దగ్గర చేసే దొంగపనులేనమ్మా" అనేవాడాయన. తమ్ముడి ట్యాంకులో ఉన్నది కాపలావాణ్ణి చంపే రకం. తుడిచేవాడు లేక తూములు తెరుచుకునే ఉండిపోతాయి. పురుగు వణికి వణికి పోతుంది. మనిషికైతే నోట చొంగ, కంట నీరు, ఒళ్లంతా చెమట. లోపలి తడి అంతా బయటికి తన్నుకొస్తుంది. ఇంకో రకం తానే ఆ రసంలా వేషం కట్టుకొచ్చి తూములో తిష్ట వేస్తుంది. మరో రకం నరాన్ని నిదానపరిచే తూమును పూడ్చేస్తుంది. దాన్ని తిన్న బొద్దింకకు ఇక ఆగడం తెలియదు, చచ్చేదాకా తన్నుకుంటూనే ఉంటుంది.

తమ్ముడికి చొంగ లేదు, చెమట లేదు. నోరు పిడచగట్టుకుపోయింది. సూది వేస్తే నోరెండడం మామూలేనంది డాక్టరమ్మ. కానీ గట్టు మీద నుంచి ఎత్తుకొచ్చేటప్పుడే వాడు నీళ్లు నీళ్లని పెదాలు నాక్కున్నాడు. సూదికి ముందా, తర్వాతా అని అక్కడ ఎవరూ రాసుకోలేదు. పురుగుల గదిలో అయితే టైము రాసి ఉండేవాళ్లు.

వణుకు లేకుండా, తడి లేకుండా, మెల్లగా నిద్రలోకి జారిపోయే తీరు ఆవిడ ఒక్క మందుకే చూసింది. దానికింకా పేరు పెట్టలేదు. ముప్పై ఆరు అంటారు.

ముప్పై ఆరు బజారుకు రాలేదు. మందులు తూచి కలిపే తూకం సారు గదిలో ఇనుప బీరువాలో ఒకే ఒక్క సీసా ఉంది. రంగు లేదు, వాసన లేదు, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. మిగతా మందుల్లా అది చంపదు. గొంగళిపురుగు తింటున్న ఆకును సగంలో వదిలి, ఎవరో పిలిచినట్టు తలెత్తి, కొమ్మ దిగి వెళ్లిపోతుంది. మగ రెక్కలపురుగు ఆడదాని దాకా వెళ్లి, ఎందుకొచ్చిందో మరిచిపోయినట్టు అక్కడే నిలబడిపోతుంది. మొదటిసారి ఆ పరీక్ష చేసిన రోజు పురుగులక్కకు అన్నం సహించలేదు. చచ్చినవాటిని లెక్కపెట్టడం ఆవిడకు కొత్త కాదు. అవి చావలేదు, అలాగని అక్కడ లేవు కూడా.

కంగారుకూ ఉరుకుకూ మన ఒంట్లో ఒక రసం ఉన్నట్టే పురుగుకూ ఒకటుంది. ఆక్టోపమైన్ అంటారు. ముప్పై ఆరు ఆ రసం తూముల్లోకి దూరి కూర్చుంటుంది. అచ్చంగా ఆ తూము మనిషికి లేదు గానీ, దానికి చుట్టమయ్యేది ఒకటుంది. దాన్ని నొక్కితే గుండె నిదానిస్తుంది, కంటిపాప చిన్నదవుతుంది, నోరెండుతుంది, నిద్ర ముంచుకొస్తుంది.

మిణుగురు పొట్టలో దీపం వెలిగించేది కూడా ఆ ఆక్టోపమైనే. అందుకే పాత పెద్దాయన గది మూలన నల్లగుడ్డ కప్పిన బీరువాలో మిణుగురులను పెంచేవాడు. "ఈ జాతి మందు చుక్క తగిలినా ఇవి దాచవమ్మా. దీపం పెట్టి మరీ చూపిస్తాయి" అనేవాడు. ఆయన పోయాక వాటిని అడిగినవాళ్లు లేరు. ఆవిడ మాత్రం పెంచుతూనే ఉంది.

ఈ ఉదయం తొమ్మిదీ నలభై అయిదుకు ఆవిడ మూడు పెట్టెలు సర్దింది. పెట్టెకు పది మిణుగురులు. మొదటి పెట్టెలో, తువ్వాలు ముక్కను నీళ్లలో నానబెట్టి, పిండిన ఆ నీళ్లతో తడిపిన దూది. రెండో దాంట్లో, తమ్ముడి ట్యాంకు గొట్టంలో మిగిలిన మందుతో తడిపిన దూది. మూడో దాంట్లో ఏ మందూ లేదు, ఉత్త నీళ్ల దూది. మూడింటికీ చీటీలు అంటించి, నల్లగుడ్డలు కప్పి, స్టూలు మీద కూర్చుంది. రాత్రంతా నిద్ర లేదేమో, కళ్లు మూతలు పడుతున్నాయి. నాలుక అంగిట్లో అట్టలా ఉంది.

ఇప్పుడు గడియారంలో పదకొండు.

గదిలో దీపం ఆర్పి, మొదటి పెట్టె మీద గుడ్డ ఎత్తింది.

పది మిణుగురులూ వెలుగుతున్నాయి.

మిణుగురు వెలుగంటే ఆవిడకు తెలుసు. ఒకటి వెలిగి ఆరుతుంది, ఇంకొకటి బదులిస్తుంది. మధ్యలో చీకటి ఉంటుంది. ఆ చీకటి వల్లే అది మాటలా ఉంటుంది. ఇక్కడ చీకటి లేదు. పట్టపగలు, వాటికి నిద్రవేళ, పదికి పది, ఆరకుండా, అదరకుండా, రెప్ప వేయడం మరిచిన కళ్లలా పచ్చగా చూస్తున్నాయి. ఆవిడ కుంచె కొసతో ఒకదాన్ని తట్టింది. కాలు కదిపింది, బతికే ఉంది. దీపం మాత్రం ఆర్పుకోలేకపోయింది.

రెండో పెట్టె ఎత్తింది. అన్నీ చచ్చి ఉన్నాయి. కాళ్లు ముడుచుకుని, రెక్కలు విడిపోయి, వణికి పోయిన చావు. ట్యాంకు చీటీ అబద్ధం చెప్పలేదు.

అంటే ట్యాంకులో ఉన్నది ఒకటి, తమ్ముడి కడుపులో ఉన్నది ఇంకొకటి. ముప్పై ఆరు. బీరువాలో ఉండాల్సింది.

తలుపు తోసుకుని తూకం సారు వచ్చాడు. మందులు కలిపే పెద్ద ఆయనే. తన కూరలోకి ఉప్పు కూడా తూచుకుని వేసుకుంటాడని అందరూ నవ్వుకుంటారు. చేతిలో ఖాళీ ఫ్లాస్కు.

"ఏంటక్కా, చీకట్లో కూర్చున్నావు? కాసిని నీళ్లు పోసుకుంటా. మీ పురుగుల భోగం మాకెక్కడిది, కుళాయి నీళ్లు తాగలేక చస్తున్నాం" అంటూ, మూల స్టాండు మీది తెల్ల డబ్బా దగ్గరికి అలవాటుగా నడిచి ఫ్లాస్కు నింపుకున్నాడు. కుళాయి నీళ్లలో కలిపే మందు మిణుగురు పిల్లలకు పడదు. అందుకే ఆ గదికి మరిగించి ఆవిరి పట్టి దించిన నీళ్లు డబ్బాలతో వస్తాయి. ఆ భవనంలో సగం మంది సీసాలు నిండేది అక్కడే. "పొద్దున నింపింది అప్పుడే అయిపోయింది. ఇవాళ దాహం దాహంగా ఉంది. తమ్ముడెలా ఉన్నాడు?"

"మీ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది సారూ?"

"నా మెళ్లో. ఎందుకు?"

"తలుపేసి ఇలా రండి."

ఆయన వచ్చాడు. పచ్చటి వెలుగు కింద నుంచి ఆయన ముఖం మీద పడింది. ఒంగి పదింటినీ లెక్కపెట్టాడు. ఆ తర్వాత అడిగిన మొదటి మాట కూడా అలవాటు మాటే.

"ఎంతసేపైంది?"

"గంటా పావు."

"ఏం పెట్టావు?"

"మా తమ్ముడి కడుపులోంచి వచ్చింది."

తూకం సారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫ్లాస్కు మూతలోకి నీళ్లు ఒంపుకుని తాగాడు. మళ్లీ ఒంపుకున్నాడు.

"ఇది ముప్పై ఆరు కాదనండి సారూ, వింటాను" అంది పురుగులక్క. గొంతు పెంచలేదు. ఆ గదిలో గొంతు పెంచితే ఈగలన్నీ ఒక్కసారి లేస్తాయి. "పదిహేనేళ్లుగా మీ మందుల్ని నా చేత్తో వీటికి పెట్టా. మీరు చెప్పిన డోసు చెప్పినట్టు. మీకెప్పుడూ ఎదురు మాట్లాడలా. ఒక్కటి చెప్పండి. మీ బీరువాలో ఉన్నది మా వాడి కడుపులోకి ఎలా పోయింది?"

"నేనివ్వలేదక్కా."

"ఇచ్చారని అన్లా. ఎలా పోయిందని అడిగా."

"నిన్న పొద్దున వాడి ట్యాంకు కలిపింది నేనే, ఒప్పుకుంటా. కానీ కలిపింది ఆ చీటీ మీదున్నదే. నీ రెండో పెట్టే చెబుతోందిగా. వాడు పడిపోయాడని తెలిశాక బీరువా తీసి ముప్పై ఆరు సీసా తూచాను. గింజెత్తు తేడా లేదు." ఆయన ఆవలించాడు. పదిహేనేళ్లలో ఆయన ఆవలించడం ఆవిడ చూడలేదు. "రాత్రి... రాత్రి కూడా తూచాను."

"మీ తూకం తప్పదు. అది ఊరంతా ఒప్పుకుంటుంది. అందుకే నాకు భయం. తూకం తప్పని మనిషి తప్పు చేస్తే ఎవరూ పట్టుకోలేరు."

"అంత మాటంటావా?"

"పన్నెండింటికి డాక్టరమ్మ డోసు రెట్టింపు చేస్తుంది సారూ. ఉన్న విషం ఒకటి, పడే విరుగుడు ఇంకొకటి. అది పడితే వాడి గుండె ఏమవుతుందో మీకే బాగా తెలుసు. నాకు మీ ఒప్పుకోలు అక్కర్లా. ముప్పై ఆరు అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. మీ సంతకమైతే ఆవిడ నమ్ముతుంది. పురుగులు చెప్పాయంటే నవ్వుతుంది."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీశాడు. కాగితం మీద పెట్టబోయి ఆగాడు. పెన్ను ముల్లు అక్కడే ఉండిపోయి సిరా మచ్చ పెద్దదవుతోంది.

"మూడోది చూశావా?"

"ఏది?"

"మందు పెట్టనిది. మూడో పెట్టె చూశావా అక్కా?"

ఇరవై రెండేళ్లలో ఎంతమంది కుర్ర సైంటిస్టులకు ఆవిడే నేర్పింది, ముందు మందు పెట్టని పెట్టె చూసి ఆ తర్వాతే మిగతావి చూడమని. మందు పెట్టనివి చల్లగా ఉంటేనే మందు పెట్టినవి చెప్పేదానికి విలువ. ఈవేళ తమ్ముడి ప్రాణం కళ్ల ముందు ఆడుతుంటే ఆ మూడో పెట్టె దాకా చెయ్యి పోలేదు.

లేచి వెళ్లి గుడ్డ ఎత్తింది.

పదీ వెలుగుతున్నాయి. అదే పచ్చదనం. అదే రెప్ప వేయని చూపు. ఒక మూలకు చేరి, తలలన్నీ ఒకే వైపు పెట్టుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

తూకం సారు పెన్ను మూత పెట్టేశాడు. బరువు దిగినట్టు చిన్నగా నవ్వాడు కూడా. "చెల్లదు. మందు పెట్టనివే వెలిగితే ఈ పరీక్ష చెల్లదక్కా. చీటీ చింపెయ్యాలి. నువ్వేగా అందరికీ చెప్పేది."

"చింపేద్దాం" అందావిడ. వెలుగులోంచి కళ్లు తిప్పలేదు. "చింపే ముందు ఒక్క సంగతి. మూడో పెట్టెలో నేను పెట్టిందేంటి?"

"ఏముంది, ఏమీ పెట్టలేదు. ఉత్త నీ..."

మాట సగంలో ఆగింది. తూకం సారు తన చేతిలోని ఫ్లాస్కు మూత వైపు చూశాడు. అందులో ఇంకా గుక్కెడు మిగిలి ఉంది. పచ్చటి వెలుగులో అది ఏ రంగూ లేకుండా ఉంది.

మూల స్టాండు మీద తెల్ల డబ్బా కుళాయి నుంచి ఒక చుక్క రాలింది. కాసేపటికి ఇంకొకటి.

"ఈ డబ్బా ఎప్పుడు తెరిచావు?"

"మొన్న సాయంత్రం." ఆవిడకు తన గొంతు ఎవరో పక్కగదిలోంచి మాట్లాడినట్టు వినిపించింది. "నిన్న పొద్దున మొదటి సీసా వాడికే నింపా."

పొలంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందుకని పదేళ్లుగా రోజూ పొద్దున తమ్ముడు ఆ గుమ్మం దగ్గరికొచ్చి, "అక్కా, నీ పిల్లలు తాగగా మిగిలినవి పొయ్యి" అంటూ సీసా చాచేవాడు. పురుగులకిచ్చే నీళ్ల కన్నా శుభ్రమైన నీళ్లు లోకంలో లేవని ఆవిడ నమ్మకం. ఆ తర్వాత నిన్నంతా ఆసుపత్రిలోనే ఉండిపోవడంతో గదికి తాళమే, ఏ పురుగుకూ నీళ్లు మార్చలేదు. కొత్త డబ్బా నీళ్లు తాగిన మొదటి ప్రాణి తమ్ముడు. పోసిన చెయ్యి తనది.

"డబ్బా మీ గది నుంచి వచ్చిందే కదా సారూ. ప్రతి సోమవారం వచ్చేదే కదా. పొద్దున్నే గుమ్మం ముందు ఉంటుంది, నేను లోపల పెట్టుకుంటా."

తూకం సారు తల అడ్డంగా ఊపాడు. ఊపడం మొదలుపెట్టి ఆపడం మరిచిపోయాడు.

"మా నీళ్లు దించే యంత్రం... కాలిపోయి... తొమ్మిది రోజులైందక్కా. మేం డబ్బా పంపలేదు. నీ దగ్గర పాత నిలవ ఉందనుకునే... నేనే నీ దగ్గరికి నీళ్లకొస్తున్నా."

ఈగల జాలీలోంచి సన్నటి రొద.

ఆవిడ అప్పటికే ఫోను తీసింది. ఈ పొద్దున ఆసుపత్రి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి మళ్లీ ఆసుపత్రికి, వచ్చీపోయే కంపెనీ డ్రైవరు చేతికి తాను నింపి పంపిన స్టీలు సీసా కళ్ల ముందు మెదిలింది. తమ్ముడు దాహమంటున్నాడని. మంచి నీళ్లని.

ఆరుసార్లు మోగాక మరదలు ఎత్తింది.

"వదినా."

"నేను పంపిన సీసా ఎక్కడుందే?"

"ఇక్కడే. ఖాళీ అయిపోయింది." మరదలి మాటలు ఒక్కొక్కటే, బావిలోంచి తోడినట్టు నింపాదిగా వస్తున్నాయి. "ఆయన నీళ్లు నీళ్లంటుంటే చెంచాతో పట్టా వదినా. నర్సమ్మ వద్దంది, ఆవిడ అటు వెళ్లాక పట్టా. నేనూ తాగా. చాలా దాహం వేసింది."

"వాడెలా ఉన్నాడు?"

"పడుకున్నాడు. ఇందాకటిదాకా చేతులాడించాడు. ఇప్పుడు ఆడించట్లా. నెమ్మదించినట్టుంది."

"వినవే. ఆ నీళ్లలో ఉంది విషం. లేచి వెళ్లి డాక్టరమ్మను పిలువు. నీళ్లలో ముప్పై ఆరు అని చెప్పు. సూదిమందు పెంచొద్దని చెప్పు. వింటున్నావా?"

"వింటున్నా వదినా. పిలుస్తా. కొంచెం సేపు కూర్చుని పిలుస్తా."

"కూర్చోకు. నా తల్లీ, నిలబడు. నిలబడ్డావా?"

"మీరెక్కడో దూరంగా ఉన్నారేంటి వదినా" అంది మరదలు, చిన్నపిల్లలా. తర్వాత స్టీలు సీసా నేల మీద పడి, దొర్లి, దొర్లి, ఏ మంచం కోడుకో తగిలి ఆగిన చప్పుడు. ఫోను తెరిచే ఉంది. అవతల నుంచి ఇక మాట రాలేదు.

వెనక ధబ్బుమంది.

తూకం సారు స్టూలు మీద నుంచి జారి వెల్లకిలా పడ్డాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పక్కకు తిరగాలని భుజం ఎత్తుతున్నాడు, ఎత్తలేకపోతున్నాడు. చేతులు గాల్లో నింపాదిగా ఆడుతున్నాయి.

"టైమెంతక్కా?"

"పదకొండూ ఇరవై మూడు."

"రాసుకో."

ఆవిడ ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చేతిలో ఇంకా కుంచె ఉంది. దాన్ని పక్కన పడేసి, రెండు చేతులూ ఆయన భుజం కింద పెట్టి, బలమంతా కూడదీసుకుని తోసి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. తిరగలేక పడిన ప్రాణాన్ని ఆ గదిలో ఆవిడ తన చేత్తో తిప్పడం అదే మొదలు.

లేవబోతే గది ఒక పక్కకు ఒరిగింది. అంగిట్లో అట్టలా అంటుకున్న నాలుకను అప్పుడు గుర్తుపట్టింది. అది నిద్రలేమి కాదు. పొద్దున తొమ్మిదిన్నరకు, పని మొదలుపెట్టే ముందు, ఆ డబ్బా నుంచే ఒక గ్లాసు తాగింది.

బల్ల మీద చీటీల కట్ట ఉంది. నాలుగోది తీసి, అలవాటైన గళ్లలోనే రాసింది. మందు: ముప్పై ఆరు, నీళ్లలో. పెట్టిన టైము: తొమ్మిదీ ముప్పై. ఎంత: ఒక గ్లాసు. కింద ఖాళీ జాగాలో, డాక్టరమ్మకు: మా తమ్ముడికీ ఇదే, మా మరదలికీ ఇదే, సూదిమందు పెంచొద్దు. పురుగుల సంఖ్య రాయాల్సిన గడిలో ఒకటి అని రాసింది. తాను దారిలో పడిపోయినా ఎత్తినవాళ్లు చదువుకునేలా, ఆ చీటీని రొమ్ము మీద పిన్నీసుతో గుచ్చుకుంది.

ఆసుపత్రి ఇరవై నిమిషాల దూరం. పన్నెండుకు ఇంకా ముప్పై నాలుగు నిమిషాలుంది.

గోడ మీది ప్రమాద గంట నొక్కింది. గంట భవనమంతా మోగింది. ఆవిడ తలుపు తీసే దాకా, తీశాక కూడా మోగుతూనే ఉంది. పొడవాటి వరండాలో అటు ఆరు గదులు, ఇటు ఆరు గదులు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఒక్క కుర్చీ జరిగిన చప్పుడూ రాలేదు. సీసాలు నింపుకోవడానికి ఆవిడ దగ్గరికి రోజూ వచ్చేవాళ్ల గదులే అవన్నీ.

అడుగు వేయబోయి ఆగింది.

గుమ్మం ముందు తెల్ల డబ్బా ఉంది. నిండుగా, సీలు వేసి. ఇందాక తూకం సారు లోపలికి వచ్చినప్పుడు అది అక్కడ లేదు. ఈరోజు సోమవారం కాదు.

డబ్బా పిడి మీద తడి చేతి గుర్తు ఒకటి, ఆవిడ చూస్తుండగానే, అంచుల నుంచి మెల్లగా ఆరుతోంది.